చేపకు చక్కెర పోసిన అవ్వ

మహంకాళి తల్లి మీద ఒట్టు, నోట్లోకి పోయే అన్నం మీద ఒట్టు, ఇక్కడ రాయబోయేదాంట్లో అక్షరం కూడా అబద్ధం లేదు. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే ఫక్కున నవ్వుతారని నాకు తెలుసు. తాడోబా అడవి పులి ఒకటి నా సైకిలు క్యారియర్ మీద కూర్చుని చంద్రపూర్ పొలిమేర దాకా వచ్చి, దిగేటప్పుడు తోకతో నా వీపు తట్టి పోయిందని చెప్పినవాణ్ణి నేనే. ఇరై నది పొంగినప్పుడు మా క్వార్టర్ తలుపు ఊడదీసి, దాని మీద ముగ్గురు ఆఫీసర్లను ఒడ్డుకు చేర్చానని చెప్పినవాణ్ణీ నేనే. పులి సంగతి ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ ఇది మా అవ్వ కథ. మా వైపు తల్లిని అవ్వ, తండ్రిని బాపు అనే పిలుస్తాం. తల్లి కథలో కల్తీ చేసేంత పాపిష్ఠివాణ్ణి కాను.

మొన్న అవ్వ పదకొండో రోజున భోజనాలయ్యాక, వక్కపొడి నములుతూ కూర్చున్న చుట్టాల్లోంచి మా బావ ఒకడు అడిగాడు: "బావా, గా చక్కెర ముచ్చట ఓపాలి చెప్పరాదు. అత్తమ్మ ఉంటె ఎంత నవ్వుతుండెనో." నలభై ఏళ్ళుగా ఏ పెళ్ళికైనా, ఏ పురుడుకైనా నలుగురు కూడితే నేను చెప్పవలసిన కథ అది. నేను చెప్తుంటే అవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని అందరికంటే ఎక్కువ నవ్వేది. ఆ రోజూ మొదలుపెట్టాను. చేపల దుకాణం దాకా బాగానే వచ్చాను. అక్కడ అలవాటు కొద్దీ వంటింటి గుమ్మం వైపు చూశాను. ఎవరూ లేరు. కథ అక్కడే ఆపేశాను. అందరూ దుఃఖమనుకున్నారు, మంచినీళ్ళిచ్చారు. మర్నాడు నా భార్య వంటింటి అర సర్దుతూ ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది అత్తమ్మ ఉప్పు సీస. మూత తుప్పు పట్టింది. ఉంచాల్నా, పారెయ్యాల్నా?" ఆ సీసా ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. మందపాటి గాజు, అడుగున కొంచెం దొడ్డుప్పు, పైన గోళ్ళరంగుతో రాసిన రెండు మరాఠీ అక్షరాలు: మీఠ్. మరాఠీలో మీఠ్ అంటే ఉప్పు. మొన్న ఎక్కడ ఆగిపోయానో అక్కణ్ణుంచి మళ్ళీ చెప్పాలి గనక, ఈసారి రాస్తున్నాను. రాసేటప్పుడు గుమ్మం వైపు చూడనక్కర్లేదు.

మంచిర్యాల అవతలి పల్లె నుంచి మేము చంద్రపూర్ బొగ్గుగని కాలనీకి వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. రెండు గదుల క్వార్టరు, పైన రేకులు. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే రొట్టె పెనం మీద ఎట్లా ఉంటుందో తెలిసేది. పొద్దున్నే కాలనీ మొత్తం వాకిళ్ళలో బొగ్గు సిగ్డీలు, అంటే కుంపట్లు, రాజేసేవాళ్ళు. తెల్లటి చిక్కటి పొగ లేచి, ఎవరి ఇల్లు ఎవరిదో తెలియకుండా పోయేది. పొగ విరిగి నిప్పులు ఎర్రబడ్డాక సిగ్డీని లోపలికి తెచ్చి అవ్వ జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. బాపు షిఫ్టు దిగి వస్తే ముందు వాకిట్లో రాయి మీద కూర్చుని అరగంట సేపు సబ్బు రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా కనురెప్పల అంచున బొగ్గు పోయేది కాదు. పెళ్ళికొడుక్కి కాటుక పెట్టినట్టు ఉండేది. టీ సాసర్లో పోసుకుని, మూడుసార్లు ఊది, నాలుగోసారి తాగేవాడు. గనిలో జీతం కాగితం మీద ఆయన వేలిముద్రే వేసేవాడు, అవ్వకు అదీ అవసరం పడలేదు. ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నన్ను మరాఠీ బడిలో వేశారు. ఆ గర్వం మామూలుది కాదు. బజారులో, దవాఖానలో, ఆఫీసులో ఎవరేమన్నా అవ్వా బాపూ ఇద్దరూ నా ముఖం వైపే తిరిగేవాళ్ళు: "ఏమంటుండురా?" పదేళ్ళవాడికి అంతకంటే పెద్ద సింహాసనం ఏముంటుంది?

గనిలో పైకప్పు రాయి జారి బాపు మోకాలి మీద పడ్డది ఆ ఏడే. దవాఖాన నుంచి తెచ్చి ముందుగదిలో నులక మంచం మీద పడుకోబెట్టారు. కట్టు విప్పాక డాక్టరు, రోజూ లేచి నాలుగడుగులు వెయ్యాలి, మోకాలు వంచాలి, లేకపోతే కీలు బిగుసుకుపోతుంది అన్నాడు. బాపు లేవలేదు. మాట్లాడటం కూడా మానేశాడు. కర్పూరం కలిపిన కొబ్బరినూనె కాచి అవ్వ కాలుకు రాస్తుంటే గోడ వైపు చూస్తూ ఉండేవాడు. నెల తిరిగేసరికి కళ్ళ అంచున కాటుక కరిగిపోయింది. అప్పుడు ఆయన ముఖం మా ఇంటికి వచ్చిన కొత్తమనిషి ముఖంలా ఉండేది, నాకు దగ్గరికి పోవాలంటే భయమేసేది. బాపుతో గనిలో జోడీగా పనిచేసిన రాజన్న మామ ఇది చూసి, ఒక ఆదివారం నాలుగు ఇనుప పట్టీలకు గాజు బిగించిన తొట్టి ఒకటి మోసుకొచ్చాడు. అందులో గుప్పెడంత ఎర్రచేప, పొడుగు తోక, పొట్ట మీద తెల్లమచ్చ. "గోడను ఎంతసేపు చూస్తవురా? దీన్ని సూడు. ఇది గూడ నీలెక్కనే, మాట్లాడదు," అని మంచం పక్కన స్టూలు మీద పెట్టి వెళ్ళాడు.

బాపు దాన్ని సోపతి అన్నాడు, నేస్తం అని. నెల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. పొద్దున రొట్టె తుంచి వేలి కొన మీద పొడి చేసి వేసేవాడు. చేప పైకొచ్చి ఆ వేలిని ముద్దు పెట్టుకున్నట్టు తినేది. బాపు దగ్గితే ఎటున్నా ఇటు తిరిగేది, అవ్వ దగ్గితే తిరిగేది కాదు. ఇది కూడా ఒట్టు వేసి చెప్తున్నాను. కొన్నాళ్ళకు బాపే అన్నాడు, "ఒక్కదానికి ఏం తోస్తది? దీనికో జోడీ తేరా, సదువుకున్నోనివి, మంచిది సూసి తే." నేను రాజన్న మామ వెంట గోల్ బజార్‌లో చేపల దుకాణానికి వెళ్ళాను. నల్ల చారలున్న పసుప్పచ్చ చేపలు నాలుగు, పులిపిల్లల్లా జరజర తిరుగుతున్నాయి. అంత అందమైనవి పక్కనుండగా ఇంకోటి ఎందుకు చూస్తాను? ఇంట్లో ఏ చేప ఉందని దుకాణదారు అడిగితే, "అసలీచ్" అనేశాను. ఇలాంటివే అని. ఈ తప్పు మాత్రం నాదే, దాచుకోను. మూడు రోజులు తొట్టి దీపావళిలా ఉంది. నాలుగో రోజు పొద్దున చూస్తే ఎర్రచేప మూలన రాయి చాటున ఒరిగి ఉంది. ఆ పులిపిల్లలు దాని తోకను కొరికి కొరికి చీపురుకట్ట చేశాయి. ఒక పక్క పొలుసులు లేచి, తోక మొదట్లో నెత్తురు జీర కనబడుతోంది. బాపు మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. మంచాన పడ్డాక ఆయన అట్లా లేవడం నేను చూడలేదు. "నిదానంగ ఈదేదానికి ఉరుకులాడేటోళ్ళను జోడీ కడితే గిట్లనే అయితది," అన్నాడు. "గనిల గూడ అంతే. రూపం జూసి జోడీ కడ్తరారా?"

చేపను తీసి తెల్ల ఎనామిల్ బేసిన్‌లో విడిగా వేశాం. పులిచేపలను గిన్నెలో పట్టుకుని నేనూ అవ్వా మళ్ళీ గోల్ బజార్‌కు బయలుదేరాం. బాపు వెనక నుంచి కేకేశాడు: "దాని తోక మల్ల మొలుస్తదేమో అడుగుండ్రి. అది మల్ల ఈదిన్నాడు నేను గూడ మంచం దిగుత." ఆ మాట విని అవ్వ గుమ్మంలో ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత ఆమె అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు, కొంగు పట్టుకుని వెనక పరిగెత్తవలసి వచ్చింది. దుకాణం బయట ఒక జిలేబీల బండి ఉండేది. ఇప్పటికీ ఆ వాసన నా ముక్కులో ఉంది: కాగుతున్న నెయ్యి, పాకం, మీద తిరిగే కందిరీగలు, పాకంలోంచి తీసి ఆకు మీద పెట్టిన నారింజరంగు చుట్టలు. నేను ఆ బండి దగ్గరే కాళ్ళు పాతుకుని నిలబడిపోయాను. అవ్వ ఒక్కతే లోపలికి వెళ్ళింది. దుకాణదారు మంచివాడు, పులిచేపలను తిరిగి తీసుకుని విషయమంతా విని చెప్పాడట: "తాయీ, మీఠ్ టాకా. ఏక్ చమచా. రోజ్ అర్ధ పాణీ బదలా. శేపటీ పరత్ యేఈల్, కాళజీ కరూ నకా." రోజూ సగం నీళ్ళు మార్చి చెంచాడు ఉప్పు వెయ్యమని, తోక మళ్ళీ మొలుస్తుందని. కానీ మా అవ్వ పుట్టి పెరిగింది నిజాం నాటి మాటలున్న ఊళ్ళో. పెళ్ళిళ్ళలో భోజనం చివర మీఠా వడ్డించే ఊరు అది. ఆమె చెవికి మీఠ్ మీఠా అయింది. బయటికొచ్చి, "చేపకు తీపి పెట్టాల్నటరా," అంది. ఇక్కడికి వచ్చేసరికి ప్రతి పెళ్ళిలోనూ జనం పొట్టలు పట్టుకునేవాళ్ళు.

రేషన్ చక్కెర ఆ ఇంట్లో బంగారం. డబ్బా అడుగున ఉన్నది కాస్తా చేపకు కావాలని అవ్వ తన టీలోనూ నా టీలోనూ చక్కెర మానేసింది. బాపు టీలో కూడా మానేస్తే, ఆయన మొదటి గుక్కలో ముఖం చిట్లించి, తర్వాత సంగతి తెలుసుకుని, "నాకెందుకు, దానికే పొయ్యుండ్రి," అన్నాడు. రోజూ పొద్దున నీళ్ళు సగం మార్చి, చెంచా నిండా చక్కెర కలిపి, బేసిన్‌ను బాపు చేతికందేలా పెట్టేవాళ్ళం. మొదటి రోజు చేప బాగానే ఉన్నట్టనిపించింది. రెండో రోజుకు నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా తెల్లబడ్డాయి. చేప పైకొచ్చి నోరు తెరిచి మూస్తోంది, తెరిచి మూస్తోంది. అవ్వ, "మందు సాలుతలేదేమో," అని ఇంకో చెంచా వేసింది. బాపు బేసిన్ మీదికి వంగి చాలాసేపు చూశాడు. "దానికి గాలి అందుతలేదే," అన్నాడు. "లోపల గాలి ఆగినప్పుడు మనిషి గిట్లనే నోరు తెరుస్తడు. నేను జూసిన." పొద్దంతా అరచేత్తో నీళ్ళు కొడుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం ఒకసారి తొట్టిలోని మంచినీళ్ళు తేవడానికి మంచం మీంచి కాలు కిందికి దించాడు కూడా. నేనది చూశాను. నేల తాకింది, అరికాలు మొత్తం. అంతలో అవ్వ పరుగెత్తుకొచ్చి నీళ్ళందించింది. ఆయన కాలు మళ్ళీ పైకి తీసుకున్నాడు.

మూడో రోజు పొద్దున పక్కింటి మరాఠీ కాకూ, అంటే పిన్ని వరస, పెరుగు తోడుకు వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ పగుల్లోంచి బయలుదేరిన చీమల బారు మంచం కోడు ఎక్కి, స్టూలు ఎక్కి, బేసిన్ అంచు చుట్టూ నల్లదారం కట్టినట్టు తిరుగుతోంది.

"ఇందులో ఏమేశినవ్ గ?" కాకూ మా తెలుగు కొంచెం నేర్చింది.

"మీఠ్," అంది అవ్వ, దుకాణదారు మాటనే తిప్పి.

"మిఠాలా కధీ ముంగ్యా లాగతాత్ కా? ఉప్పుకు సీమలు పడ్తయా?" కాకూ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "అగ బాయీ! సాఖర్! చక్కెర పోశినవా? మీఠ్ అంటె ఉప్పు గ, ఉప్పు!"

చేప అప్పటికే పక్కకు ఒరిగి తేలుతోంది. బాపు దాని కింద అరచెయ్యి పెట్టి నిటారుగా నిలబెట్టి చూశాడు. చెయ్యి తీస్తే మళ్ళీ ఒరిగింది. మళ్ళీ నిలబెట్టాడు. అట్లా ఎన్నిసార్లో. చివరికి చెయ్యి తుండుగుడ్డకు తుడుచుకుని అడిగాడు, "చక్కెర పొయ్యుమని ఎవరు జెప్పిండ్రు?"

"దుకాణపాయన ఉప్పే చెప్పినట్టున్నడు. నాకు మీఠా అన్నట్టు ఇనవడ్డది," అంది అవ్వ.

బాపు కోప్పడలేదు. తిట్టలేదు. "పిల్లగాన్ని అడగకపోతివా? వాడు సదువుకున్నోడు గదా," అన్నాడు.

"అడిగితె మంచిగుంటుండె," అంది అవ్వ. నేను అక్కడే, మంచం తలవైపు, పలక చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాను. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ వానాకాలమంతా ఆయన లేవలేదు. దసరా దాటాక రాజన్న మామ చంకల కింద చేతులు వేసి లేపితే లేచాడు గానీ, అప్పటికి కీలు బిగుసుకుపోయింది. రెండు నెలల ముందు లేచుంటే వంగేదని డాక్టరు అన్నాడు. గని పైన దీపాల గదిలో ఉద్యోగమిచ్చారు. లోపలికి దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకొచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం. బతికినన్నాళ్ళూ భోజనానికి కూర్చుంటే ఒక కాలు ముందుకు చాపి, కంచం పక్కన పెట్టుకుని తినేవాడు. ఎవరైనా కొత్తవాళ్ళు దాటి వెళ్ళబోతే అవ్వ ముందే చెప్పేది, జాగ్రత్త, కాలు ఉన్నది అని. గాజుతొట్టిలో ఉల్లిగడ్డలు పోసుకున్నాం. కాకూ పుణ్యమా అని అవ్వకు కాలనీలో చక్కెరవ్వ అనే పేరు స్థిరపడింది. నిజానికి కాకూ ఒక్కరోజే నవ్వింది. ఆ పేరును వాకిలి వాకిలికీ మోసింది నేను. కథకు రంగు పూసింది నేను. చీమలు చేపను మోసుకుపోయి పుట్టలో పెళ్ళి చేశాయని కూడా ఒకప్పుడు చెప్పేవాణ్ణి. అవ్వ ఆ తర్వాత ఉప్పు సీసా మీద మీఠ్ అని రాయించుకుందని, మళ్ళీ పొరపాటు పడకుండా అంత జాగ్రత్త పడిందని చెప్పి ముగించేవాణ్ణి. చావు కబురు చెప్పడానికి మొన్న ఫోన్లు చేస్తుంటే అవ్వ అసలు పేరు చెప్తే చాలామందికి తెలియలేదు. "చక్కెరవ్వ పోయింది," అంటే తెలిసింది.

ఇప్పుడు మా ముందుగదిలో మా అమ్మాయి పెట్టుకున్న చేపలతొట్టి ఉంది. నీలిదీపం, బుడగలు, అడుగున ఒక కోట. ఏ చేపకు ఏ చేప పడుతుందో, ఏ నీళ్ళలో ఎంత వేడి ఉండాలో ఫోన్లో చూసి చెప్తుంది. కొత్తదాన్ని తెస్తే వారం రోజులు విడిగా ఉంచుతుంది, రెక్కకు దెబ్బ తగిలితే కొలత చెంచాతో ఉప్పు వేస్తుంది. నోరు చిన్నదా పెద్దదా, నిదానమా వేగమా అని చూడకుండా ఎవరినీ ఎవరితోనూ కలపదు. అది మాట్లాడే మాటల్లో సగం మరాఠీ, తెలుగు చదవడం అసలే రాదు, కాబట్టి ఇది రాస్తున్నానన్న భయం లేదు. ఇన్ని తెలిసిన పిల్లను చూస్తే సంతోషమే. కానీ దానికి తెలియనిది చెప్పడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. ఫోను చెప్పిందానికి అడ్డం వచ్చి, "ఏమో బిడ్డా, నాకు గట్ల అనిపిస్తలేదు," అని నసిగే ముసల్ది లేదు. అట్లా నసిగే మనిషి మాట వినకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

ఇక ఒట్టు సంగతి. పులి నిజం. చేప దగ్గు గుర్తుపట్టడం నిజం. చీమల బారు నిజం, బాపు అరికాలు నేల తాకడం నిజం. జిలేబీల బండి అబద్ధం. ఆ దుకాణం ముందు ఏ బండీ లేదు, సైకిళ్ళు నిలబెట్టే చోటు అది. నేను బయట లేను. గల్లాపెట్టె ముందు, అవ్వ పక్కన, ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను. దుకాణదారు మీఠ్ అనగానే ఎప్పటిలాగే ఆమె నా ముఖం వైపు తిరిగింది, "ఏమంటుండురా?" నాకు రాదు. బడిలో చేరి ఏడాది కాలేదు, మరాఠీ పాఠం బట్టీపట్టి అప్పచెప్పడమే గానీ ఉప్పును ఏమంటారో ఎవరూ చెప్పలేదు. రాదని చెప్పడానికి సింహాసనం అడ్డమొచ్చింది. "మీఠా. చక్కెర పొయ్యమంటుండు," అన్నాను.

అవ్వ దారి పొడుగునా నసుగుతూనే ఉంది. "పుండుకు చక్కెర ఏందిరా? ఉప్పేమో సూడు. నీ మోకాలు గీసుకపోతె నేను ఉప్పునీళ్ళతోనే కడుగుత గదా. ఓపాలి మల్ల పోయి అడుగుదామా?"

"బడికి నువ్వు పోతున్నవా, నేను పోతున్ననా?" అన్నాను.

ఆమె మళ్ళీ మాట్లాడలేదు. బాపు అడిగిన రోజు మాత్రం మాట్లాడింది. చిన్న తప్పు ఒప్పుకుంటే పెద్ద తప్పు ఎవరూ వెతకరని పులిచేపల విషయంలో ఆ రోజే నేర్చుకున్నాను, ఇప్పుడు మీ మీద కూడా ప్రయోగించాను. నలభై ఏళ్ళు ఆమె ముందే ఆ కథ చెప్పాను. ఒక్కసారైనా, నాతో ఒంటరిగా ఉన్నప్పుడైనా, అది కాదు కదరా అనలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నిన్న సీసాను వెలుతురుకు పెట్టి చూశాను. ఆ రెండక్షరాలు ఒక్క రంగులో లేవు. అడుగున ఎరుపు, దాని మీద మెరూన్, దాని మీద గులాబీ, అన్నిటి కంటే పైన నీలం. నీలం మా అమ్మాయిది. అడిగితే చెప్పింది, పోయిన వేసవిలో రంగు వెలిసిపోయిందని నాయనమ్మ, దాని మాటల్లో ఆజీ, తనతో మళ్ళీ దిద్దించుకుందని. ఆజీకి చదవడం రాదు కదా, ఎందుకు అని అడిగిందట కూడా. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్విందట.

ఉప్పును అవ్వ వేళ్ళతో గుర్తుపట్టేది. చీకట్లో కూడా పొరపాటు పడేది కాదు. మొదటిసారి కాకూతో ఆ పేరు రాయించి సీసాను అరలో పెట్టిన రోజున ఆ ఇంట్లో చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.